పనస మొక్క వరినారు కాదు

పోయిన శ్రావణంలో ఒక రాత్రి గాలివాన కురిసి వెలిసింది. తెల్లవారి పెరట్లోకి వెళ్ళి చూస్తే మా పనస చెట్టు పక్కకు ఒరిగి నేల మీద పడి ఉంది. నాలుగేళ్ళ చెట్టు అది. నా ఎత్తుకు రెట్టింపు పెరిగి, కాండం పిడికిట పట్టనంత లావై, ఇంకో రెండు మూడేళ్ళలో కాపుకు వస్తుందని ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తున్న చెట్టు. ఆ గాలి కూడా అంత పెద్దదేమీ కాదు. మునగ కొమ్మ కంటే పెళుసైన కొమ్మ మన పెరళ్ళలో మరొకటి ఉండదు, అయినా పక్కింటి మునగ ఆ రాత్రి చెక్కుచెదరలేదు.

కాండం పట్టుకొని చెట్టును ఎత్తి చూశాక కారణం తెలిసింది. మొదట గింజ వేసిన అర లీటరు పాల ప్యాకెట్ అడుగు ఆకారం నాలుగేళ్ళ తరువాత కూడా ఆ వేరులో అచ్చు పోసినట్టు కనిపిస్తోంది. తల్లివేరు జానెడు లోతు దిగి, అక్కడ అడ్డుపడిన ప్లాస్టిక్‌ను దాటలేక పక్కకు తిరిగి, గుండ్రంగా మూడు చుట్లు చుట్టుకొని ఉంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ చుట్లు లావెక్కి, ఒకదానినొకటి నొక్కుకొని, కొబ్బరికాయంత ముద్దగా తయారయ్యాయి. ఆ ముద్దలోంచి పక్కలకు కొన్ని వేర్లు పాకాయి గాని, నిట్టనిలువుగా భూమిలోకి దిగిన వేరు ఒక్కటీ లేదు. నాలుగేళ్ళుగా ఆ చెట్టు పాతకుండా నిలబెట్టిన గుంజలా నిలబడి ఉందన్నమాట.

తప్పు నాదే. గింజ మొలిచిందన్న సంతోషంలో ఆ ప్యాకెట్‌ను గోడ వారగా పెట్టి, ఎనిమిది నెలల పాటు నీళ్ళు పోస్తూ, మొక్క ఏపుగా ఎదుగుతోందని మురిసిపోయాను. పైన ఆకు పచ్చగా ఉంటే కింద అంతా బాగానే ఉంటుందని అనుకున్నాను. ఆ తరువాత ఈ ఏడాదంతా గింజలు వేయడం, మొక్కలు మార్చి నాటడం అనే పనిని మొదటి నుంచి మళ్ళీ నేర్చుకున్నాను. పెరట్లో ఒక పండ్ల చెట్టును గింజ నుంచి పెంచుకోవాలని అనుకొనే వాళ్ళు నాలాగా నాలుగేళ్ళు పోగొట్టుకోకూడదనే కోరికతో ఇది రాస్తున్నాను.

మా గోదావరి జిల్లాల్లో నాటడం అంటే మొదట గుర్తుకు వచ్చేవి వరినాట్లు. నారుమడిలో పాతిక ముప్పై రోజులు పెరిగిన నారును గుప్పిళ్ళతో పీకి, వేర్లకు పట్టిన బురదను కాలికేసి కొట్టి విదిలించి, కట్టలు కట్టి గట్టు మీద వేసి, దమ్ము చేసిన మడిలో గుచ్చుకుంటూ పోతారు. పీకేటప్పుడు వేర్లలో చాలా భాగం తెగి నారుమడిలోనే ఉండిపోతుంది. అయినా వారం పది రోజుల్లో నాటు పచ్చబడుతుంది. వరి గడ్డి జాతి మొక్క కాబట్టి కాండం మొదట్లోని కణుపుల నుంచి కొత్త వేర్లు తొడుగుతూనే ఉంటాయి, పాత వేరు పోయినా దానికి లోటు లేదు. మిరప, వంగ, టమాటా నారుకు అంత శక్తి లేకపోయినా, అవి కూడా వేరు కొంత తెగితే ఓర్చుకుంటాయి. తరాల తరబడి ఆ పనికి అలవాటుపడిన చేతులు పనస మొక్కను, బొప్పాయి మొక్కను కూడా అదే తీరున పీకి పాతుతాయి. అక్కడే చిక్కు వస్తోంది. పనసకు ఉన్నది ఒకే ఒక తల్లివేరు. పసితనంలో అది చాలా భాగం తెగినా, వంగినా ఆ లోపం చెట్టు బతికినన్నాళ్ళూ దానితోనే ఉంటుంది.

తల్లివేరు ఎంత ముందుగా, ఎంత వేగంగా దిగుతుందో కళ్ళారా చూడాలని ఈ వేసవిలో ఒక పని చేశాను. జానెడు పైగా ఎత్తున్న గాజు సీసాలో తడి ఇసుక నింపి, పనస గింజను గాజుకు ఆనించి పెట్టి, వెలుతురు తగలకుండా సీసాకు నల్ల కాగితం చుట్టాను. రోజూ సాయంత్రం కాగితం విప్పి చూసేవాణ్ణి. తొమ్మిదో రోజున గింజ కొసన తెల్లటి మొన కనిపించింది. పదిహేనో రోజుకు అది బెత్తెడు దిగింది, దాని చుట్టూ నూగులాంటి వేరుకేశాలు ఇసుక రేణువులను పట్టుకొని ఉన్నాయి. ఇరవై రెండో రోజున వేరు సీసా అడుగును తాకింది. ఆ రోజుకు పైన ఇసుకలోంచి బయటపడిన మొలక నా బొటనవేలంత ఉంది, ఒక్క ఆకు కూడా విప్పలేదు. ఇరవై అయిదో రోజున కాగితం తీసి చూసినప్పుడు వేరు కొస సీసా అడుగున పక్కకు తిరుగుతోంది. నా చెట్టును పడగొట్టిన వంపు ఎప్పుడు మొదలై ఉంటుందో ఆ సాయంత్రం అర్థమైంది. మొదటి ఆకు పూర్తిగా విచ్చుకోకముందే అది మొదలైపోయింది.

ఇక గింజ సంగతి. పనస తొనలు తిన్నాక గింజలను కడిగి, ఆరబెట్టి, కూరకో పులుసుకో పనికివస్తాయని డబ్బాలో దాచుకోవడం మన ఇళ్ళలో మామూలే. ఆ డబ్బాలోంచి తీసి వేస్తే మాత్రం మొలకలు రావు. పనస గింజ లోపలి తడి ఆరిపోతే గింజే చచ్చిపోతుంది. విత్తడానికైతే తొన నుంచి తీసిన వెంటనే జిగురు పోయేలా కడిగి, ఆ వారంలోనే వేయాలి. కొన్నాళ్ళు ఆగక తప్పదంటే తడి ఇసుకలోనో, తడిపి పిండిన కొబ్బరిపొట్టులోనో ఉంచాలి. అలా ఉంచినా నెల దాటితే మొలకెత్తే గింజలు బాగా తగ్గిపోతాయి.

1973లో ఇ.హెచ్. రాబర్ట్స్ అనే శాస్త్రజ్ఞుడు గింజలను ఈ గుణాన్ని బట్టే రెండు తరగతులుగా విడదీశాడు. ఆరబెట్టి చల్లని చోట దాచితే ఏళ్ళ తరబడి బతికి ఉండేవి ఒక తరగతి. వరి, కంది, మిరప, టమాటా ఆ కోవలోవే. ఆరితే చచ్చిపోయేవి రెండో తరగతి. పనస, మామిడి, నేరేడు, కొబ్బరి, కోకో, రబ్బరు ఇందులోకి వస్తాయి. విత్తన నిధుల్లో సున్నాకు 20 డిగ్రీల దిగువన గింజలను దాచే పద్ధతి వీటికి పనికిరాదు. ఆరబెడితే ఎండి చస్తాయి, ఆరబెట్టకుండా ఆ చలిలో పెడితే లోపలి నీరు గడ్డకట్టి కణాలు చితికిపోతాయి. ఈ రెండో తరగతికి రాబర్ట్స్ పెట్టిన ఇంగ్లీషు పేరును తెలుగులో చెప్పాలంటే మొండి గింజలు అనాలి. దాచుకొనే వారి వైపు నుంచి చూస్తే ఆ పేరు సరైనదే గాని, గింజ వైపు నుంచి చూస్తే నాకు సబబుగా తోచదు. పనస పుట్టిల్లు పడమటి కనుమల వాన అడవులు. అక్కడ పండు పండి రాలేసరికి కింద నేల తడిసి సిద్ధంగా ఉంటుంది. ఎండిపోయి, నిద్రపోయి, వాన కోసం ఎదురుచూడవలసిన అవసరం ఆ గింజకు ఏనాడూ రాలేదు. రాలిన రోజు నుంచే అది మేలుకొని ఉంటుంది.

వేప, కరివేపాకు గింజలు కూడా ఎక్కువ కాలం ఆగవు. జూన్, జూలై నెలల్లో రాలే వేపపళ్ళ గుజ్జు కడిగేసి, నీడన ఆరబెట్టి, రెండు మూడు వారాల్లో వేసుకోవాలి. రేల, తురాయి, చింత ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. వాటి పెంకు గట్టిది, ఏళ్ళు గడిచినా లోపలి పప్పు చెడదు. గరుకు కాగితం మీద ఒక పక్క కొంచెం రుద్ది రాత్రంతా నానబెడితే తెల్లవారేసరికి ఉబ్బుతాయి, ఉబ్బనివాటిని మళ్ళీ రుద్ది నానబెట్టాలి.

బొప్పాయి తీరు వేరు. పండు కోయగానే నల్లటి గింజల చుట్టూ మెరిసే పలుచని పొర కనిపిస్తుంది, వేళ్ళ మధ్య నొక్కితే అది చిట్లి నీరు కారుతుంది. మొలకను ఆపే పదార్థాలు ఆ పొరలోనే ఉన్నాయి. పండు లోపల తడి, వెచ్చదనం రెండూ ఉన్నా గింజలు అక్కడే మొలకెత్తకుండా ఆపుతున్నది ఆ పొరే. దానిని తీయకుండా మట్టిలో వేసి, నెల రోజులైనా రాలేదని విసుగుపడే వాళ్ళను చాలామందిని చూశాను. గింజలను బూడిదలో కలిపి గోనెపట్ట మీద అరచేత్తో రుద్దితే పొర పూర్తిగా ఊడివస్తుంది. తరువాత నీళ్ళలో వేసి, పైకి తేలిన తాలు గింజలను పారేసి, మిగిలినవాటిని నీడన ఆరబెట్టి, వేలి గోరంత లోతున వేస్తే రెండు మూడు వారాల్లో మొలకలు వస్తాయి.

మొలకలు వచ్చిన తరువాత అసలు గండం ఎదురవుతుంది. పొద్దున లేచి చూసేసరికి తట్టలో ఒక మూల ఏడెనిమిది మొక్కలు నేలకు వాలి ఉంటాయి. ఆకులు పచ్చగానే ఉంటాయి, ఎక్కడా వాడిన గుర్తు ఉండదు. వంగి దగ్గరగా చూస్తే మట్టిని ఆనుకొన్న చోట కాండం నీరు పట్టి, గోధుమరంగుకు తిరిగి, దారంలా సన్నబడి ఉంటుంది. మరునాటికి ఆ మూల నుంచి పక్క మొక్కలకు పాకుతుంది, మూడో నాటికి తట్ట సగం ఖాళీ అవుతుంది. రైతులు దీనిని నారుకుళ్ళు అంటారు. పితియం జాతి బూజులు దీనికి ముఖ్య కారణం, వాటికి కావలసింది ఎడతెగని తడి, గాలి ఆడని నీడ. మొదటిసారి నా తట్టలో ఇది కనిపించినప్పుడు మొక్కలు నీళ్ళు చాలక వాలాయనుకొని ఇంకా నీళ్ళు పోశాను, ఆ రాత్రితో మిగిలినవి కూడా పోయాయి. ఇప్పుడు పొద్దున పూట మాత్రమే నీళ్ళు చల్లుతున్నాను, సాయంత్రానికి పై మట్టి ఆరి ఉండాలి. గింజలను వత్తుగా చల్లకుండా రెండంగుళాల ఎడంలో వేసి, పైన పలుచగా ఇసుక పరుస్తున్నాను. మట్టిలో కలిపే పశువుల ఎరువు పూర్తిగా చివికినదై ఉండాలి, దానిలో ముందుగానే ట్రైకోడెర్మా అనే మేలుచేసే బూజును కలిపి వారం పాటు తడిగా ఉంచితే ఇంకా మంచిది. ఇంత జాగ్రత్త పడినా తెగులు కనిపిస్తే లీటరు నీటికి మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్ళు తడిసేలా పోస్తాను గాని, తెగులు సోకిన మొక్క తిరిగి లేవడం నేను చూడలేదు. ఆ మందు పక్కనున్న వాటిని కాపాడడానికే.

బొప్పాయిలో మరొక సంగతి ముందే తెలిసి ఉండాలి. దేశవాళీ రకాల్లో ఆడ చెట్లు, మగ చెట్లు వేరువేరు. గింజను చూసి గాని, మొక్కను చూసి గాని ఏది ఏదో చెప్పలేము, పూత వచ్చేదాకా ఆగవలసిందే. అందుకే ఒక్కో గుంటలో మూడేసి మొక్కలు నాటి, పూత చూశాక పది ఆడ చెట్లకు ఒక మగ చెట్టు చొప్పున ఉంచి మిగతావి తీసేస్తారు. బజారులో కొన్న రెడ్ లేడీ పండు తియ్యగా ఉందని దాని గింజలు వేసుకొనే వాళ్ళు, అది సంకర రకమని, గింజ నుంచి వచ్చే చెట్లు తల్లిలా ఉంటాయన్న నమ్మకం లేదని గుర్తుంచుకోవాలి. మామిడి విషయంలోనూ ఇంతే. బంగినపల్లి టెంక నుంచి వచ్చిన మొక్క బంగినపల్లి కాదు. మన రకాల టెంకల్లో సాధారణంగా ఒకే మొలక ఉంటుంది, అది పరాగ సంపర్కం వల్ల పుట్టిన కొత్త మొక్క. అందువల్లనే నర్సరీల వాళ్ళు టెంక మొక్కను కింది భాగంగా వాడి, పైన కోరిన రకాన్ని అంటు కడతారు. అంటుకైనా సరే కింద వేరు బాగుండాలి కాబట్టి, పండు తిన్న నెలలోపు టెంక పైపెంకును చీల్చి, లోపలి జీడిని మాత్రమే, దాని లోపలికి వంగిన అంచు కిందికి వచ్చేలా పెడితే వేరు తిన్నగా దిగుతుంది. పెంకుతో పాటు పాతిపెడితే మొలక దారి వెతుక్కుంటూ మెలికలు తిరిగి బయటికి వస్తుంది.

వేరు ముందు, ఆకు తరువాత అన్న మాటకు తాటి కంటే గొప్ప సాక్ష్యం మరొకటి లేదు. తాటిపండు గుజ్జు తీసిన టెంకలను పాతర వేస్తే, టెంకలోంచి వచ్చే మొలక పైకి చూడనైనా చూడకుండా నేరుగా కిందికి దిగుతుంది. పిలకను, కాబోయే చెట్టు ప్రాణమంతటినీ మోసుకొని మట్టి లోపలికి పోయి, అక్కడ పిండి పట్టి ఊరుతుంది. అదే మనం చలికాలంలో తంపటి వేసుకొని తినే తేగ. చిన్నప్పుడు కాల్చిన తేగను రెండుగా చీల్చి, మధ్యలో ఉన్న మెత్తటి మొలకను చందమామ అని పిలుస్తూ దాని కోసం పోట్లాడుకొనే వాళ్ళం. ఆ చందమామే తాటిచెట్టు మొదటి ఆకు. అది నేల మీదికి రావడానికి ఇంకా నెలలు పడుతుంది. ఇంత లోతుగా దిగిన మొలకను పెళ్ళగించి మరోచోట నాటడం జరిగే పని కాదు కాబట్టి, తాడి కావాలంటే చెట్టు నిలవవలసిన చోటనే టెంకను పాతాలి. పనసకు కూడా వీలైతే ఇదే అన్నిటికంటే మంచి పద్ధతి. పశువుల బెడద, చీమల బెడద, కలుపు తీసేవారు పొరపాటున కోసేసే భయం ఉంటాయి కాబట్టి అందరికీ కుదరకపోవచ్చు. కుదరనప్పుడు సంచిలో పెంచక తప్పదు.

చెట్టు పడిన తరువాత కడియపులంక వెళ్ళినప్పుడు ఒక నర్సరీలో పని చేసే పెద్దాయన వరసలుగా ఉన్న మొక్కల సంచులను ఒక్కొక్కటిగా ఎత్తి అటు పక్కకు మార్చి పెడుతుంటే, ఎందుకండీ ఈ శ్రమ అని అడిగాను. "ఒకే చోట ఉంచితే వేరు సంచి చీల్చుకొని నేల పట్టేద్దండి. పట్టాక ఎత్తితే పుటుక్కున తెగుద్ది. తెగిన మొక్క పట్టుకెళ్ళి నాటుకుంటే ఆరు రోజులు బాగానే ఉంటదండి, ఏడో రోజు వాడుద్ది" అని ఆయన చెప్పాడు. నాకు తెలిసింది అడ్డు తగిలిన వేరు చుట్టుకుపోవడం ఒక్కటే. అడ్డు లేని చోట వేరు నేలలోకి పారిపోయి, తీసేటప్పుడు తెగడం రెండో ప్రమాదమని ఆయన వల్ల తెలిసింది. రెండింటికీ పనికివచ్చే ఉపాయం ఒకటి ఉంది. పొడవైన సంచి తీసుకొని, అడుగు మూలలు కత్తిరించి, నేల మీద కాకుండా ఇనుప జాలీ మీద, కింద గాలి ఆడేలా పెట్టాలి. అడుగు నుంచి బయటికి వచ్చిన వేరు కొస గాలి తగిలి తనంతట తానే ఎండి ఆగిపోతుంది. కొస ఆగిపోగానే పై భాగం నుంచి పక్కవేర్లు పుడతాయి. చుట్టుకోవడమూ ఉండదు, తెగడమూ ఉండదు. ఈ ఏడాది నా మొక్కలన్నీ పాత కిటికీ జాలీ మీద, రెండేసి ఇటుకల ఎత్తున పెరిగాయి.

మరోచోటికి మార్చి నాటడానికి మొక్క ఎంత పెద్దదైతే అంత మంచిదన్న నమ్మకాన్ని వదులుకోవాలి. పనసకు మూడు నాలుగు ఆకులు చాలు, బొప్పాయికి జానెడు ఎత్తు, ఆరు నుంచి ఎనిమిది వారాల వయసు చాలు. నాటే ముందు పది రోజుల పాటు మొక్కను నీడ నుంచి పొద్దుటి ఎండకు, పొద్దుటి ఎండ నుంచి రోజంతా ఎండకు కొంచెం కొంచెంగా అలవాటు చేయాలి. మృగశిర కార్తెలో మొదటి వాన పడగానే తొందరపడి నాటిన వాళ్ళు ఆ తరువాత వచ్చే పదిహేను రోజుల పొడి ఎండకు మొక్కలను బలి ఇవ్వడం చాలాసార్లు చూశాను. ఆరుద్రలో నేల లోపలి దాకా తడిసిన తరువాత, పునర్వసు వెళ్ళేలోగా నాటితే మా వైపు నేలల్లో బాగా నిలదొక్కుకుంటాయి. గుంట మాత్రం వేసవిలోనే తీసి ఎండనివ్వాలి.

నాటే రోజు పొద్దున సంచికి నీళ్ళు పోసి, సాయంత్రం ఎండ చల్లబడ్డాక పని మొదలుపెడతాను. కాండం పట్టుకొని మొక్కను సంచిలోంచి లాగకూడదు. సంచిని గుంటలో పెట్టి, బ్లేడుతో పై నుంచి కింది దాకా నిలువుగా చీల్చి, మట్టిగడ్డ విచ్చిపోకుండా ప్లాస్టిక్‌ను పక్క నుంచి తీసేయాలి. సంచి అడుగున వేరు ఎక్కడైనా పక్కకు తిరిగి కనిపిస్తే, ఆ వంపును అలాగే పాతిపెట్టడం కంటే పదునైన బ్లేడుతో ఆ కొసను కోసేయడం మేలు. ఇది నా చెట్టు నేర్పిన పాఠం, ఈ పనిలో నా చెయ్యి ఇప్పటికీ వణుకుతుంది. సంచిలో మట్టి ఏ మట్టానికి ఉందో బయట కూడా అదే మట్టానికి ఉండాలి. బొప్పాయిని లోతుగా పాతి మొదట్లో నీళ్ళు నిలవనిస్తే రెండు రోజుల్లో వేరు కుళ్ళుతుంది. మొక్క చుట్టూ మట్టిని కాలితో తొక్కకుండా చేతులతో అదిమి, నీళ్ళు పోసి, పడమటి వైపు ఒక తాటాకు గుచ్చితే మధ్యాహ్నపు ఎండ నుంచి కాపు కాస్తుంది.

పడిపోయిన చెట్టు గుంటకు రెండు గజాల అవతల ఈ ఏడాది పనస మొక్కను అలాగే నాటాను. ఇవాళ్టికి పద్దెనిమిది రోజులు. నాటిన మొదటి వారం ఆకులు కొంచెం వేలాడాయి గాని రాలలేదు. నిన్న పొద్దున కొత్త ఆకు విప్పింది. దానికి రెండు పక్కలా లోతైన గంట్లు ఉన్నాయి, అరచెయ్యి మూడు వేళ్ళతో చాపినట్టుగా ఉంది. పెద్ద పనస చెట్టుకు ఇలాంటి ఆకు కనిపించదు, పసితనంలో మాత్రమే వస్తుంది. తాటాకును ఇంకో వారం ఉంచి తీసేస్తాను.